కుక్కను ముద్దు చేసిన కాపరి

మంద యజమాని మొథిబి పికప్ బండి వెనక నుంచి ఒక అట్టపెట్టె దించి మందదొడ్డి ముందు పెట్టాడు. నెలకోసారి తెచ్చే టీపొడి, పంచదార, జొన్నపిండి అనుకుని ఒలెబిలే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అంతలో పెట్టె కుయ్యిమంది. మూత తీసి చూస్తే ఇసుకరంగు ఒళ్ళు, నల్లటి మూతి, రెండు గుప్పెళ్ళంత కుక్కపిల్ల.

"నీకు తోడు తెచ్చాను మామా," అన్నాడు మొథిబి. "ఇది మేకల్లోనే పెరగాలి. అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. నువ్వు గిన్నె పెట్టేసి ఇవతలికొచ్చెయ్. ఎత్తుకోవద్దు, నిమరొద్దు, పొయ్యి దగ్గరికి రానివ్వొద్దు. మనిషి చేతికి మరిగిందంటే ఇక మేకల మొహం చూడదు."

"నాకు చెప్పాలా బాబూ? మీ నాన్నగారి రోజుల్లో..."

"తెలుసులే మామా. దీని పేరు మోదిసా."

ఒలెబిలేకు కుక్కను చూసి ఏమీ అనిపించలేదు గానీ, ఆ పేరు వినగానే ఒళ్ళు మండింది. మోదిసా అంటే కాపరి. ఇరవయ్యారేళ్ళుగా ఆ మందకు మోదిసా ఎవరు? ఒలెబిలే. బోరు దగ్గర నలుగురూ అతన్ని పిలిచేదీ ఆ మాటతోనే. పైగా మా వైపు కుక్కకు పేరు పెట్టేది కుక్క కోసం కాదు, వినాల్సినవాడి చెవిన వెయ్యడానికి. పక్కింటివాడి మీద కోపముంటే కుక్కకు "వాళ్ళకేం తెలుసు" అని పేరు పెట్టి, రోజుకు పదిసార్లు గొంతెత్తి పిలుస్తాం. అలాంటిచోట మొథిబి, పట్నంలో చదివినవాడు కదా, ఏమీ ఆలోచించకుండానే పెట్టాడేమో ఆ పేరు. ఆలోచించే పెట్టాడేమో కూడా. ఆ అనుమానం ఒలెబిలే కంట్లో నలుసులా ఉండిపోయింది.

అయినా మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. గిన్నెలో పాలు, జొన్నసంకటి కలిపి దొడ్డిలో పెట్టి వచ్చేసేవాడు. "ఈ పిడికెడు ముక్క నక్కను తరుముతుందా, నక్కకు నంజుకోడానికి పనికొస్తుందా" అనుకుని నవ్వుకునేవాడు. కుక్కపిల్ల మేకల పొట్టల కింద దూరి పడుకునేది. తల్లిమేకలు రెండు రోజులు కుమ్మి, మూడో రోజు ఊరుకున్నాయి.

ఏడాది తిరిగేసరికి అది దూడంత అయింది. అప్పుడు మొదలైంది అసలు బాధ.

ఒలెబిలేకు ఒక ఈల ఉండేది. రెండు వేళ్ళు పళ్ళ మధ్య పెట్టి వేస్తే, తుమ్మపొదల్లో ఎక్కడ మేస్తున్న మేకైనా తలెత్తి అతని వైపు నడిచేది. ఆ ఈల విని బోరు దగ్గర ఆడవాళ్ళు పొద్దు ఎంతైందో చెప్పేవారు. ఇప్పుడు ఈల వేస్తే మేకలు తలెత్తుతున్నాయి, నిజమే. కానీ ముందు కుక్కకేసి చూస్తున్నాయి. అది లేచి ఒళ్ళు విదిలించుకుని కదిలితేనే అవీ కదులుతున్నాయి. అది లేవకపోతే ఒలెబిలే ఎంత ఊదినా నమలడం ఆపడం లేదు.

మిగతావాటిని క్షమించేవాడేమో. ఎర్రచెవిని క్షమించలేకపోయాడు. ఎర్రచెవి అంటే మంద ముందు నడిచే గంటమేక. తల్లి చచ్చిన రోజున దాన్ని తన కోటులో పెట్టుకుని, సీసాతో పాలు పట్టి, నెల రోజులు తన గుడిసెలో పడుకోబెట్టుకుని బతికించాడు. ఆ మేక ఇప్పుడు మధ్యాహ్నం నెమరేసేటప్పుడు వెళ్ళి కుక్క వీపు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంటోంది.

"సిగ్గు లేదూ నీకు? నా కోటుకింకా నీ ఉచ్చ వాసన పోలేదు," అన్నాడు ఒకరోజు దానితో. ఎర్రచెవి ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసుకుంది.

పొద్దు వాలేవేళ మంద బోరు దగ్గరికి వచ్చేది. ముందు కుక్క, దాని వెనక ఎర్రచెవి, తర్వాత మంద, ఆ దుమ్ములో అందరికంటే వెనక ఒలెబిలే. బోరు ఇంజను నడిపే మ్మాపులాకు అదే కావాలి. ఆవిడ నోట్లో నోరు పెట్టి గెలిచినవాడు లేడు.

"ఏం బావా, పెద్ద మోదిసా ఎప్పుడో వచ్చేశాడు, చిన్న మోదిసా ఇప్పుడొస్తున్నాడా?"

"నీ నోటికి తాళం లేదా మ్మాపులా?"

"ఉండేది. మా ఆయన పోతూ పోతూ తాళంచెవి జేబులో వేసుకుపోయాడు." తొట్టి దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. "కోపమెందుకు బావా, నీకే మంచిదిగా. ఇన్నాళ్ళూ నువ్వు మేకల్ని కాశావు. ఇప్పుడు నిన్ను కూడా కలిపి కాస్తోంది."

ఒలెబిలే కూడా నవ్వాడు, నవ్వకపోతే ఇంకో నాలుగు తగులుతాయని. లోపల మాత్రం కడుపు ఉడికిపోతోంది. నోరు లేని జంతువు మీద అసూయ ఏమిటని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నందువల్ల అది తగ్గిందా అంటే, లేదు.

ఆ చలికాలం పొదల్లోంచి చిరుత వచ్చింది. మందకూ చిరుతకూ మధ్య కుక్క నిలబడి పళ్ళు చూపించింది. వెనక్కి తగ్గలేదు, ముందుకీ దూకలేదు, చిరుత విసిగిపోయి వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడింది. చిరుత విసిరిన ఒక్క పంజాకు కుడిచెవి సగం చీలిపోయిందంతే. ఆ సంగతి మ్మాపులా ఫోనులో చెప్పగానే మొథిబి పట్నం నుంచి వాలిపోయాడు. కుక్క ముందు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీశాడు. "నా సింహం, నా బంగారం" అన్నాడు, చెయ్యి మాత్రం వెయ్యకుండా.

పక్కన నిలబడ్డ ఒలెబిలే తన ఎడమచేతి చొక్కా మడత పైకి జరిపాడు. మోచేతి కింద నాలుగు గీతలు, పద్దెనిమిదేళ్ళనాటివి. అవీ చిరుత గోళ్ళే. ఆ రోజు ఎవరూ ఫొటో తియ్యలేదు. మొథిబి వాళ్ళ నాన్న మాత్రం ఒక దుప్పటి ఇచ్చి, "మేక దక్కిందిగా" అన్నాడు. మొథిబి ఆ గీతల వైపు చూడనేలేదు. కాసేపయ్యాక ఒలెబిలే చొక్కా మళ్ళీ కిందికి లాక్కున్నాడు.

వెళ్ళేముందు మొథిబి బండి తలుపు పట్టుకుని అన్నాడు: "మామా, నీ వయసూ అయిపోతోంది. వానలైపోయాక నువ్వు ఊరికెళ్ళి హాయిగా ఉండు. మంద సంగతి మోదిసా చూసుకుంటుంది. పొద్దున్న దొడ్డి తలుపు తీసి, సాయంత్రం వెయ్యడానికి మ్మాపులా చాలు."

"ఊళ్ళో నాకేముంది బాబూ?"

"మీ చెల్లెలుందిగా."

చెల్లెలుంది. ఆ ఇంటినిండా ఆమె మనవలున్నారు. పండక్కి వెళ్తే ఒలెబిలేకు వసారాలో జొన్నబస్తాల పక్కన పక్క వేస్తారు. రెండో రోజుకే "ఎప్పుడెళ్తావన్నా" అని అడుగుతారు, ప్రేమగానే. మేకల చప్పుడు లేనిచోట అతనికి కన్ను మూతపడదు. బండి దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత కుక్కకేసి చూశాడు. చీలిన చెవి నాక్కోవడం చేతకాక తల ఇటూ అటూ తిప్పుతోంది. దాన్ని అంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

విషం పెడదామా అనుకున్నాడు. మొథిబికి తెలిసిపోతుంది. కొట్టి తరుముదామంటే మ్మాపులా చూస్తుంది. ఇలా రెండు రోజులు ఆలోచించాక, అట్టపెట్టె దించిన రోజున మొథిబి చెప్పిన మాటే గుర్తొచ్చింది. మనిషి చేతికి మరిగితే మేకల మొహం చూడదు. నిమిరితే దెబ్బ కనిపించదు, మచ్చ మిగలదు. నిమిరినవాణ్ణి ఎవరు తప్పుపడతారు?

మర్నాడు మధ్యాహ్నం మేకలు తుమ్మనీడన నెమరేస్తుండగా, మూలుగున్న ఎముక ఒకటి జేబులోంచి తీశాడు. కుక్క దూరం నుంచే వాసన పట్టింది గానీ రాలేదు. ఎముక తన బూటు పక్కన పెట్టి, అటు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపటికి వచ్చింది. తింటూ ఉండగా చెయ్యి దాని మెడ మీద వేశాడు. అది ఉలిక్కిపడి బిగుసుకుపోయింది. మందలోకి వచ్చి ఏడాదిన్నరైనా మనిషి చెయ్యి దాని ఒంటి మీద పడలేదు మరి.

"తిను," అన్నాడు మెల్లగా. "నా కూడు లాక్కున్నవాడా, నా పేరు లాక్కున్నవాడా, తిను. నీ నడుం విరగ, నీ పళ్ళూడ." గొంతు మాత్రం ఎర్రచెవికి పాలు పట్టిన నాటి గొంతే, అంతకంటే వేరే గొంతు అతనికి లేదు. కుక్కకు తిట్లు అర్థం కావు కదా. అది తోక కొంచెం, కొంచెమే, కదిపింది.

అలా రోజూ. ఎముక లేకపోతే సంకటి మాడు, అదీ లేకపోతే పులిసిన పాలు. చీలిన కుడిచెవి వెనక ఒకచోట గోకితే కుక్క వెనకకాలు దానంతటదే నేలను తన్నేది. మొదటిసారి అది చూసి ఒలెబిలే ఫక్కున నవ్వేశాడు. వెంటనే నోరు మూసుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. ఒకరోజు జేబులో ఏమీ లేదు. అయినా కుక్క వచ్చింది. అతను గోకాడు. పథకంలో భాగమే కదా అనుకున్నాడు.

నెలన్నరకు కుక్క మంద వదిలి అతని వెంట పడింది. అతను కట్టెలకు వెళ్తే కట్టెలకు, నీళ్ళకు వెళ్తే నీళ్ళకు. పొయ్యి పక్కన అతని పాదం మీద గడ్డం పెట్టి పడుకునేది. దొడ్డిలో ఎర్రచెవి అరిచి అరిచి ఊరుకుంది. అది చూసి ఒలెబిలేకు చల్లగా అనిపించింది. "ఎలా ఉంది ఇప్పుడు?" అని మేకను అడిగాడు కూడా.

నక్కలకు కబురు ఎవరు చెబుతారో తెలీదు. ఒక వారంలో రెండు మేకపిల్లలు పోయాయి. మరుసటి వారం, కుక్క అతని పక్కన వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తున్న పట్టపగలే, ఎర్రచెవి ఈనిన పిల్లను పొదల్లోకి లాక్కుపోయింది నక్క. అబద్ధమెందుకు, ఒలెబిలేకు ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాత ఎర్రచెవి పొదుగు నిండా పాలతో పొద చుట్టూ తిరుగుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రమే మ్మాపులా ఫోను అడిగి, కుక్క మందను వదిలేసిందని మొథిబికి తనే చెప్పాడు.

మొథిబి వచ్చాడు. ఈసారి బండి ముందుసీటులో తుపాకి ఉంది. దొడ్డి చూశాడు, పొయ్యి పక్కన కుక్క పడుకున్న చోట ఇసుకలో పడ్డ గుంట చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"తప్పు నాదే మామా. కుక్క కుక్కే, మనిషి మనిషే. నీలాంటి కాపరి ఈ ఇసుక నేలంతటిలో లేడని మా నాన్న అనేవాడు. నేను వినలేదు." ఒలెబిలే చెయ్యి పట్టుకున్నాడు, చొక్కా మడత పైకి జరిపాడు, ఆ నాలుగు గీతల మీద బొటనవేలు పెట్టాడు. "ఇది నాకు గుర్తుంది. నేను చిన్నవాణ్ణి అప్పుడు. నువ్వు ఎక్కడికీ వెళ్ళొద్దు. నీ ఒంట్లో ఓపికున్నంతకాలం ఈ మంద నీది."

ఇరవయ్యారేళ్ళుగా ఒలెబిలే ఎదురుచూసిన మాటలవి. ఒక్కటి కూడా తగ్గలేదు. ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

"మరి ఇది?" అన్నాడు.

"మందకు పనికిరాని కుక్కను ఊరికే మేపకూడదు మామా. రేపు ఆకలేస్తే మన మేకపిల్లల మీదే పడుతుంది. నేను పిలిస్తే రావడం లేదు. నువ్వు పిలిచి ఆ పాత తొట్టి వెనక్కి తీసుకురా, ఒక్క నిమిషం పని." మొథిబి బండి దగ్గరికెళ్ళి తుపాకి తీశాడు.

కుక్క నీడలో కూర్చుని ఇద్దర్నీ చూస్తోంది. ఒలెబిలే ఈల వెయ్యలేదు. నాలుకతో చిన్నగా టక్కుమన్నాడు, రోజూ ఎముక ఇచ్చేటప్పుడు చేసినట్టు. అది లేచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒళ్ళంతా ఊగిపోతోంది. వచ్చి అతని పాదం మీద కూర్చుని, కుడిచెవి అతని చేతి కిందికి తోసింది.

ఆ చెయ్యి దానంతటదే గోకింది.

"బాబూ, తుపాకి బండిలో పెట్టండి," అన్నాడు ఒలెబిలే. "ఇది చెడిపోలేదు. నేనే చెడగొట్టాను. ఎముకలు పెట్టాను, నిమిరాను. కావాలనే చేశాను."

మొథిబి తుపాకి కిందికి దించాడు. "ఎందుకు?"

"కుళ్ళు. మేకలు దాని మాట వింటున్నాయి. మీరు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. నా పేరు దానికి పెట్టారు."

"కుక్క మీద కుళ్ళా? ఈ వయసులో?"

"అవును బాబూ."

మొథిబి కళ్ళు ఎర్రబడ్డాయి, తిడతాడనుకున్నాడు ఒలెబిలే. తిట్టలేదు. గీతల మీద పెట్టిన బొటనవేలును ప్యాంటుకు తుడుచుకున్నాడంతే. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది.

"చెడగొట్టినవాడివి నువ్వే బాగుచెయ్. నెల తర్వాత వస్తాను. అప్పటికి ఇది మేకల్లో ఉంటే బతుకుతుంది. నీ దగ్గర ఉంటే తొట్టి వెనక్కి నువ్వే తీసుకెళ్తావు. నీ సంగతి తర్వాత చూద్దాం."

కాపరి చేతికి మరిగిన కుక్కను మళ్ళీ మందలోకి పంపే దారి మా వైపు ఒక్కటే ఉంది. ఆ చెయ్యే దాన్ని కొట్టాలి. వేరేవాళ్ళు కొడితే అది పరుగెత్తి ఆ చేతి దగ్గరికే వస్తుంది.

మర్నాడు పొద్దున్న కుక్క పొయ్యి దగ్గరికి వస్తే మట్టిగడ్డ విసిరాడు. అది ఆట అనుకుంది. గడ్డను నోట కరుచుకుని తెచ్చి అతని బూటు మీద పెట్టింది. ఇంకోటి విసిరాడు, అదీ తెచ్చింది. "పో, మేకల్లోకి పో," అని అరిచాడు. దానికి ఆ గొంతు తెలుసు, తిట్లన్నీ ముద్దులే దానికి. తోక ఊపింది. అప్పుడు గొంతుతో లాభం లేదని తెలిసి రాయి తీశాడు.

రాయి డొక్కలో తగిలింది. కుక్క అరిచిన అరుపుకు మ్మాపులా ఇంజను గదిలోంచి బయటికొచ్చింది.

"ఏం బావా, మొన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నావు, ఇవాళ రాళ్ళేమిటి?"

"నీ పని చూసుకో మ్మాపులా."

ఆవిడ అతని మొహం చూసి, మొదటిసారి ఎదురు మాట అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు పట్టింది. అది దూరంగా వెళ్ళి కూర్చునేది. తర్వాత పొట్ట నేలకానించి పాకుతూ వచ్చేది, తప్పు తనదే అన్నట్టు. అతను మళ్ళీ విసిరేవాడు. గురి తప్పేవాడు కాదు, తప్పితే అది ఇంకోరోజు వస్తుంది. రాత్రి గంజి గిన్నె అలాగే పక్కన పెట్టేసేవాడు. పన్నెండో రోజు పొద్దున్న అది రాలేదు. దొడ్డిలోకి తొంగి చూస్తే ఎర్రచెవి పక్కన చుట్టుకుని పడుకుంది. అతని నీడ పడగానే లేచి, మేకల అవతలి వైపుకు వెళ్ళింది.

నెల తిరిగేసరికి మొథిబి వచ్చాడు. కుక్క మందకూ ఇద్దరికీ మధ్య నిలబడి, ఇద్దర్నీ చూసి ఒకేలా మొరిగింది. ఒలెబిలే గిన్నె పెట్టాడు. అతను పది అడుగులు వెనక్కి వచ్చేదాకా అది గిన్నె దగ్గరికి రాలేదు.

"బాగుంది," అన్నాడు మొథిబి. వెళ్ళేటప్పుడు బండి అద్దం దించాడు. "నువ్వూ ఉండు. దాని గిన్నెలో సంకటి వెయ్యడానికి ఎవరో ఒకరు కావాలిగా." ఈసారి మామా అనలేదు.

ఆ సాయంత్రం మంద బోరు దగ్గరికి వచ్చింది. ముందు కుక్క, వెనక ఎర్రచెవి, తర్వాత మంద, దుమ్ములో ఒలెబిలే. మ్మాపులా తొట్టి నింపి లోపలికెళ్ళింది. నీళ్ళు తాగాక కుక్క తొట్టి నీడన పడుకుంది. ఎర్రచెవి వెళ్ళి దాని వీపు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. కుక్క తన చీలిన చెవిని మేక వైపుకు జరిపి, హాయిగా ఊపిరి వదిలింది.

ఒలెబిలే కడుపులో పాత మంట మళ్ళీ లేచింది, అదే చోట, అంతే వేడిగా. ఈసారి మేక మీద.

"గోకవే," అన్నాడు ఎర్రచెవితో, కుక్కకు వినబడకుండా. "చెవి వెనక గోకాలి దానికి. నీకేం తెలుసు."